కథలు అల్లిన అగాథమ్మ



వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ మన కులపెద్దల గురించి, సంఘాలు నిలబెట్టిన మహనీయుల గురించి చదువుతున్నాము. అవన్నీ కావలసినవే. ఈసారి మేము దూరదేశపు ఒక ఆడమనిషి గురించి రాస్తున్నాము. ఆమె నేత పని చేసిన మనిషి కాదు. హత్యల కథలు, సస్పెన్స్ కథలు రాసి బతికింది. అయినా ఆమె పని చేసిన తీరు చూస్తే మన ఇండ్లలో మనిషి మాదిరే అనిపించింది. పేరు అగాథా క్రిస్టీ. మన వైపు అలవాటు ప్రకారం మేము అగాథమ్మ అంటాము.

మా వయసు వాళ్ళకు డిటెక్టివ్ నవల కొత్తది కాదు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, కన్నడంలో ఎన్. నరసింహయ్య గారి పత్తేదారి పురుషోత్తమ. మాది రెండు భాషల ఊరు కాబట్టి రెండూ చదివినాము. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మాకు పుస్తకం పట్టే అలవాటు పోకుండా నిలిచిందంటే ఆ నవలల పుణ్యమే. ఇంగ్లీషు మాకు అంతగా రాదు. అగాథమ్మ తన జీవితాన్ని తానే రాసుకున్న పుస్తకం ఒకటి ఉంది. కాలేజీలో చదివే మా మనవరాలు దాన్ని చదివి, సాయంత్రం పూట తెలుగులో చెప్పింది. అది విని, ఇంకా నాలుగు విషయాలు తెలుసుకొని ఇది రాస్తున్నాము.

బడికి పోని పిల్ల

అగాథమ్మ 1890 సెప్టెంబరు 15న ఇంగ్లండులో టార్కీ అనే సముద్రం ఒడ్డు ఊరిలో పుట్టింది. అది డెవన్ సీమ. దాని పక్కదే కార్న్‌వాల్. మన కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టినప్పుడు, గని పని తెలిసిన మేస్త్రీలు ఎంతోమంది ఆ కార్న్‌వాల్ నుండే ఓడలెక్కి వచ్చినారు. కాబట్టి ఆ మూల మన కోలారుకు బొత్తిగా సంబంధం లేనిది కాదు.

ఇల్లు కలిగిన ఇల్లే. కానీ చిన్నప్పుడు ఆమెను బడికి పంపలేదు. ఎనిమిదేండ్లు వచ్చేదాకా పిల్లలు చదవరాదని తల్లి అభిప్రాయం. ఈ పిల్ల మాత్రం ఐదేండ్లకే పుస్తకాలు ముందర పెట్టుకొని తనంతట తానే చదవడం నేర్చింది. అక్షరం అక్షరంగా కాకుండా మాటను మాటగా గుర్తుపట్టి నేర్చుకుంది కాబట్టి స్పెల్లింగు మాత్రం ఆమెకు జీవితాంతం సరిగా కుదరలేదు. పదకొండేండ్లప్పుడు తండ్రి పోయినాడు. అప్పటికే ఆస్తి కరిగింది. ఉన్న ఇంటిని నిలుపుకోవడమే తల్లికి కష్టమైంది.

పిల్లకు బిడియం ఎక్కువ. పారిస్ పంపి సంగీతం నేర్పిస్తే పియానో బాగా వచ్చింది గానీ, నలుగురి ముందర కూర్చుంటే చేతులు ఆడలేదు. నలుగురిలో మాట్లాడలేని మనిషికి కాగితం మంచి తోడు అని మేము అనుకుంటాము. ఆమె దారి అటే మళ్ళింది.

మందుల గదిలో మొదటి నవల

1914లో యుద్ధం వచ్చింది. ఆ ఏడు డిసెంబరులోనే ఆర్చీ క్రిస్టీ అనే సైన్యాధికారిని పెండ్లి చేసుకుంది. ఆయన ఫ్రాన్సులో యుద్ధానికి పోతే, ఆమె టార్కీలో గాయపడిన సిపాయిల ఆసుపత్రిలో నర్సు పనికి చేరింది. తర్వాత మందుల గదికి మారింది. పరీక్ష కట్టి 1917లో మందులు కలిపే అర్హత సంపాదించింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో అక్కడ చేతులారా నేర్చుకుంది. మందుల గదిలో ఒక్కోసారి పని తెగదు, ఒక్కోసారి గంటల కొద్దీ పని ఉండదు. ఆ ఖాళీలో, చుట్టూ విషం సీసాలు ఉండగా, ఆమెకు కథ తట్టింది. డిటెక్టివ్ కథ నీ వల్ల కాదని అక్క అంతకు ముందే సవాలు చేసి ఉండింది. ఆ ఊరికి బెల్జియం దేశపు శరణార్థులు వచ్చి ఉండిరి. వాళ్ళను చూసి తన డిటెక్టివును బెల్జియం వాడిని చేసింది. ఆయనే తర్వాత లోకమంతా పేరుపడిన హెర్క్యుల్ పాయిరో.

కథ సగంలో చిక్కుపడితే తల్లి ఒక సలహా చెప్పింది. సెలవు పెట్టి డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో ఒక హోటలుకు పొమ్మంది. 1916లో రెండు వారాలు అక్కడుండి రాసింది. పొద్దున చెయ్యి నొప్పి పుట్టేదాకా రాయడం. మధ్యాహ్నం తిని ఆ బీడులో ఒంటరిగా నడవడం. నడుస్తా తన పాత్రల మాటలు తానే పైకి అనుకోవడం. రాత్రి వచ్చి ఒళ్ళు తెలియకుండా పండుకోవడం. ఎవరైనా దారిలో చూసి ఉంటే పిచ్చిది అనుకొని ఉంటారు. నవల మాత్రం పూర్తయింది.

మొదటి అగ్రిమెంటు

సంఘం లెక్కలు రాసే మా బోటివాళ్ళకు ఆమె కథలో ముఖ్యమైన పేజీ ఇది. ఆ నవలను చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపినారు. చివరకు బోడ్లీ హెడ్ అనే కంపెనీ ఒప్పుకుంది. సంతోషంలో ఆమె అగ్రిమెంటు సరిగా చూడకుండానే సంతకం పెట్టింది. 2,000 కాపీలు అమ్ముడైన తర్వాతనే రచయితకు వాటా. ఇంకా ఐదు పుస్తకాలు వాళ్ళకే ఇవ్వాలి. ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్ అనే ఆ నవల 1920లో అమెరికాలో, 1921లో ఇంగ్లండులో వచ్చింది. దాని మీద ఆమెకు దక్కింది 25 పౌన్లు. అదీ పత్రికలో సీరియల్‌గా వేసినందుకు వచ్చిన దాంట్లో సగం వాటా.

నూలు అప్పు తెచ్చుకొని, చీర ధర వేరేవాళ్ళు కడితే ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆమె కూడా పని చేస్తానే నేర్చుకుంది. ఒప్పుకున్న పుస్తకాలు మాట ప్రకారం ఇచ్చింది. ఆ గడువులోనే ఎడ్మండ్ కార్క్ అనే ఏజెంటును పెట్టుకుంది. అగ్రిమెంట్లు చదివేది, బేరం మాట్లాడేది ఆయన పని. రాసేది తన పని. తర్వాత కాలిన్స్ అనే కంపెనీకి మంచి షరతుల మీద మారి, జీవితాంతం అక్కడే ఉండిపోయింది. 1926లో వాళ్ళు వేసిన ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్ ఆమెకు గొప్ప పేరు తెచ్చింది. దాని గుట్టు మేము చెప్పము. చదివి తెలుసుకోండి.

ఆ నడుమ ఒక నవలను ఒక సాయంత్రం పత్రిక సీరియల్‌గా వేసి 500 పౌన్లు ఇచ్చింది. ఆ సొమ్ముతో ఆమె మారిస్ కౌలీ కారు కొనుక్కుంది. తన చేతి పనితో కొన్న కారు. అది కొన్న నాటి సంతోషాన్ని ముసలితనంలో కూడా మరిచిపోలేదు.

మనసు లేని దినాల్లో

పేరు వచ్చిన ఆ 1926లోనే కాపురం కూలింది. ఏప్రిల్‌లో తల్లి పోయింది. తల్లి ఇంట్లో సామాన్లు సర్దుతా ఆమె నెలల కొద్దీ ఒంటరిగా ఉండిపోయింది. తర్వాత భర్త వచ్చి, వేరొక ఆమెను ఇష్టపడినానని, విడాకులు కావాలని చెప్పినాడు. డిసెంబరు 3 రాత్రి అగాథమ్మ కారు తీసుకొని ఇల్లు వదిలి వెళ్ళింది. మరునాడు కారు ఒకచోట దొరికింది, ఆమె లేదు. పోలీసులు, వేలమంది జనం వెదికినారు. పత్రికలు ఇష్టం వచ్చినట్టు రాసినాయి. 11 దినాల తర్వాత హారోగేట్ అనే ఊరిలో ఒక హోటల్లో వేరే పేరుతో ఉండగా గుర్తుపట్టినారు. ఆ దినాల గురించి తన జీవిత కథలో ఆమె ఒక్క మాటా రాయలేదు. ఆమె మూసిన తలుపును మేము తట్టము.

మాకు ముఖ్యమనిపించింది దాని తర్వాత జరిగిన సంగతి. చేతిలో డబ్బు లేదు. ఏడేండ్ల బిడ్డ ఉంది. కొత్త పుస్తకం ఇవ్వాలి. 1927లో బిడ్డను, సెక్రటరీని తోడు తీసుకొని కానరీ దీవులకు పోయి, ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్ అనే నవల మీద కూర్చుంది. మనసు నిలవదు. సెక్రటరీకి చెప్పి రాయిస్తుంటే బిడ్డ వచ్చి పక్కన నిలబడుతుంది. మాట్లాడను, ఊరికే నిలబడతాను అంటుంది. పిల్ల అట్లా నిలబడి చూస్తుంటే ఏ తల్లికి పని సాగుతుంది? అయినా పేజీ పేజీ లాగి పూర్తి చేసింది. ఆ నవల ఆమెకు ఎన్నడూ నచ్చలేదు. కానీ తాను సరదాగా రాసే మనిషి నుండి వృత్తిగా రాసే మనిషిగా మారింది అప్పుడేనని ఆమే చెప్పుకుంది. రాయాలని లేనప్పుడు కూడా, రాసేది నచ్చనప్పుడు కూడా, బాగా రావడం లేదని తెలిసినప్పుడు కూడా రాయడమే వృత్తి అని ఆమె లెక్క.

ఇది మన మగ్గానికి కొత్త పాఠం కాదు. ఇంట్లో జ్వరం ఉన్నా, చావు జరిగినా, మైల తీరిన మరునాడు గుంటలో కాళ్ళు పెట్టక తప్పదు. ఆ దినం నేసిన గజం గుడ్డ కొంచెం వదులుగా వస్తుంది. అయినా పడుగు ముందుకు జరుగుతుంది. అట్లాంటి దినాలే పనివాడిని నిలబెడతాయి.

ఎక్కడ కూర్చుంది, ఎట్లా రాసింది

పత్రికల వాళ్ళు వచ్చి, మీరు రాసుకునే గదిలో ఫోటో తీస్తామంటే ఆమెకు ఇబ్బందిగా ఉండేదట. అట్లాంటి గదే లేదు. గట్టి బల్ల ఒకటి, టైపురైటరు ఒకటి ఉంటే చాలు. పడకగదిలో ముఖం కడుక్కునే చలవరాతి బల్ల మీద రాసింది. భోజనాల బల్ల మీద, రెండు పూటల తిండికి నడుమ దొరికిన సందులో రాసింది. ఇంట్లో వాళ్ళకు కూడా ఆమె ఎప్పుడు రాస్తుందో సరిగా తెలిసేది కాదు. కుక్క ఎముక నోట కరుచుకొని మూలకు పోయినట్టు తాను కనబడకుండా పోయి, ముక్కుకు మట్టి అంటించుకొని తిరిగొచ్చేదానినని తన మీద తానే తమాషా చేసుకుంది.

ఆలోచన మాత్రం ఎక్కడైనా సాగేది. స్నానాల తొట్టిలో నీళ్ళలో కూర్చొని ఆపిల్ పండ్లు కొరుకుతా కథ అల్లేది. మన శ్రీనివాసపురం వాళ్ళయితే ఆ చేతిలో మామిడిపండు ఉండేది. గిన్నెలు కడిగేటప్పుడు కూడా కథలు తట్టేవని చెప్పుకుంది. సారాయి లేదు, సిగరెట్టు లేదు. మీగడ అంటే మాత్రం ప్రాణం.

తోచింది మరిచిపోకుండా బడిపిల్లల నోటు పుస్తకాల్లో రాసుకునేది. అట్లాంటివి 73 దాకా మిగిలినాయి. వాటిలో వరుస లేదు. ఒక పేజీలో విషం పేరు, పక్కన అంగడిలో కొనాల్సిన సరుకుల పట్టీ, ఇంకో పేజీలో రైలు టైములు, పేకాట లెక్కలు. ఒకే నవల ముక్కలు మూడు నాలుగు పుస్తకాల్లో ఉంటాయి. సన్నివేశాలకు ఎ, బి, సి అని గుర్తులు పెట్టి, ఏది ముందు ఏది వెనుక అని మార్చి మార్చి చూసుకునేది.

చంపిన వాడెవడు, ఎందుకు చంపినాడు, ఎట్లా చంపినాడు అనేది ముందుగా తేల్చుకునేది. దాన్ని దాచే ఏర్పాటు తర్వాత. జకార్డు మీద నేసేవాళ్ళకు ఇది చెప్పకనే అర్థమవుతుంది. గళ్ళ కాగితం మీద బుటా మొత్తం గీసి, అట్టలు కొట్టి, వరుసగా కుట్టి ఎక్కించిన తర్వాతే మొదటి పేక పడుతుంది. చూసేవాళ్ళకు పువ్వు అప్పుడే పుట్టినట్టు కనబడుతుంది. అట్టలో అది ఎప్పుడో ఉంది. కొన్ని చీరలు మగ్గం మీద తిరగేసి నేస్తాము. మంచి వైపు కిందికి ఉంటుంది. నేసేవాడికి వెనుక వైపు దారాలే కనబడతాయి. అగాథమ్మ కూడా తన కథను వెనుక వైపు నుండే చూసుకుంటా రాసింది.

కుదురుగా కూర్చుంటే ఒక నవలకు మూడు నెలలు చాలునని ఆమె అంచనా. క్రిస్మస్ పండుగకు ఆమె కొత్త నవల రావడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది. మనకు పెండ్లిళ్ళ సీజనుకు సరుకు తెమిలినట్టు. 1952 ప్రాంతంలో మణికట్టు విరిగితే, పని ఆపకుండా డిక్టాఫోన్ యంత్రానికి చెప్పి రాయించింది. రాసిన నవలను ఇంటివాళ్ళందరికీ పైకి చదివి వినిపించి, హంతకుడెవరో చెప్పమనేది.

దారం చేతిలో పెట్టుకున్న ముసలమ్మ

ఆమె సృష్టించిన ఇంకో పాత్ర మిస్ మార్పుల్. పల్లెటూరి ముసలమ్మ. ఎప్పుడూ ఉన్ని దారంతో ఏదో అల్లుకుంటా మూలన కూర్చొని ఉంటుంది. అందరూ ఆమె ఎదుట మాట్లాడేస్తారు, ఆమెకేం తెలుసులే అని. చివరకు గుట్టు విప్పేది ఆమే. చేతిలో దారం ఉన్న ఆడదాన్ని లోకం లెక్కలోకి తీసుకోదనే సంగతి అగాథమ్మకు బాగా తెలుసు. దాని మీదనే ఎన్నో నవలలు నడిపింది.

1928లో విడాకులు అయినాయి. ఆ ఏడే ఒంటరిగా రైలెక్కి బాగ్దాద్ దాకా పోయింది. 1930లో అక్కడి తవ్వకాల్లో పరిచయమైన మాక్స్ మాలోవన్ అనే పురావస్తు పండితుడిని పెండ్లాడింది. ఆయన ఆమె కంటే పదమూడేండ్లకు పైగా చిన్న. అప్పటి నుండి ఎన్నో ఏండ్లు ఇరాక్, సిరియా తవ్వకాలకు భర్త వెంట పోయింది. అక్కడా రాత ఆపలేదు. ఫోటోలు కడిగింది, దొరికిన వస్తువులు శుభ్రం చేసింది. నిమ్రూద్‌లో బయటపడిన దంతపు బొమ్మల్లో మట్టిని సన్నటి అల్లిక సూదితో, ముఖానికి రాసుకునే క్రీముతో తీసింది. వేల ఏండ్ల నాటి పనివాళ్ళ చేతిపని ఆమె చేతుల్లో మళ్ళీ తేటపడింది. అక్కడే మట్టి ఇటుకలతో కట్టిన చిన్న గదిలో 1950లో తన జీవిత కథ మొదలుపెట్టింది. 1965లో ముగించింది.

రెండో యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే మళ్ళీ ఆసుపత్రి మందుల గదిలో పని చేసింది. తనకేమైనా అయితే ఇంటివాళ్ళకు ఉండాలని రెండు నవలలు రాసి భద్రంగా దాచిపెట్టింది. ఒకటి బిడ్డకు, ఒకటి భర్తకు. పాయిరో చివరి కథ అయిన కర్టెన్ 1975 దాకా బయటికి రాలేదు. ది మౌస్‌ట్రాప్ అనే నాటకం హక్కులు తొమ్మిదేండ్ల మనవడికి రాసి ఇచ్చింది. ఎనిమిది నెలలు ఆడితే గొప్ప అనుకుంది. 1952 నవంబరు 25న లండన్‌లో మొదలైన ఆ నాటకం కరోనా కాలంలో ఆగింది తప్ప ఇంకా ఆడుతూనే ఉంది. 1955లో తన రచనల హక్కులకు ఒక కంపెనీ పెట్టింది. మొదటి అగ్రిమెంటులో 25 పౌన్లు దక్కిన మనిషి, చివరకు తన పనికి తానే కాగితాలు రాయించుకునే స్థితికి వచ్చింది.

1971లో రాణి ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చింది. 1976 జనవరి 12న, 85 ఏండ్ల వయసులో, వాలింగ్‌ఫర్డ్ ఊరిలో తన ఇంట్లో కన్నుమూసింది. 66 డిటెక్టివ్ నవలలు మిగిలినాయి. 200 కోట్ల ప్రతులు అమ్ముడయినాయని లెక్క. ఆమె పోయిన మరు సంవత్సరం లండన్ ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ రోగం డాక్టర్లకు అంతుపట్టలేదు. ది పేల్ హార్స్ అనే ఆమె నవల చదువుతున్న ఒక నర్సు, అందులో చెప్పిన థాలియం విషం గుర్తులు బిడ్డలో చూసి చెప్పింది. బిడ్డ బతికింది. మందుల గదిలో శ్రద్ధగా నేర్చుకున్న పని, అరవై ఏండ్ల తర్వాత కూడా అట్లా ఉపయోగపడింది.

వృత్తి అనే గడిలో

ఇన్ని రాసిన అగాథమ్మ, దరఖాస్తు కాగితంలో వృత్తి అనే గడి వస్తే రచయిత్రి అని రాసేది కాదు. వివాహిత అని రాసేది. తాను ముందు ఒక ఇల్లాలినని, రాయడం పక్కన చేసే పని అని ఆమె భావన. మా మనవరాలు ఈ మాట చెప్పినప్పుడు మాకు మన ఇండ్లే కనబడినాయి.

2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో 35 లక్షల మందికి పైగా చేనేత పనివాళ్ళు తేలినారు. వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళే. ఆసు పోసేది, అచ్చు అతికేది, కండెలు చుట్టేది ఆమె. పొయ్యి మీద సంగటి ఉడికేలోపు మగ్గం ఎక్కి నాలుగు అంగుళాలు నేసేది కూడా ఆమే. అగాథమ్మ భోజనాల బల్ల మీద రాసినట్టే. అయినా ఏమి చేస్తావమ్మా అని అడిగితే, ఇంట్లోనే ఉంటాను అంటుంది. చాలా సంఘాల్లో మెంబరు పుస్తకంలో, గుర్తింపు కార్డులో మగవాడి పేరే ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా మనం గమనించాలి. అగాథమ్మ గడిలో వివాహిత అని రాసినా ఆమెకు నష్టం లేదు. పుస్తకం అట్ట మీద ఆమె పేరు ఉంది. అగ్రిమెంటులో ఉంది, కంపెనీ కాగితాల్లో ఉంది. మన ఆడవాళ్ళ పేరు చీర మీద ఉండదు. బీమా, పింఛను, లోను ఏది కావాలన్నా ముందు కార్డులో పేరు అడుగుతారు. మగదిక్కు పోయిన నాడు, ముప్పై ఏండ్లు పని చేసిన ఆమె ఆఫీసులో నేను నేతపనిదానిని అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

అందువల్ల వార్షికోత్సవం నాడు సమాఖ్య పెద్దలకు మా విన్నపం ఒకటే. ప్రతి సంఘంలో, ప్రతి ఇంటిలో పని చేసే ఆడవాళ్ళ పేర్లు విడిగా మెంబర్లుగా రాయించాలి. మజూరి వాళ్ళ ఖాతాలోకి కూడా పోవాలి. అక్కచెల్లెళ్ళకు చెప్పేది ఇంకా చిన్నది. లెక్కలు రాసేవాళ్ళు వాకిట్లోకి వచ్చి వృత్తి ఏమిటని అడిగితే, గృహిణి అని ఊరుకోవద్దు. చేనేత అని చెప్పండి. రాసినారో లేదో కాగితం తీసుకొని చూడండి.